మాట మీద కేసు కట్టే ముందు ఆ పద్నాలుగు రోజులు వాడమనండి: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి గారికి,

నమస్కారం. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో, ఎఫ్‌ఐఆర్ కట్టే ముందు ప్రాథమిక విచారణకు వీలిచ్చే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(3)ని స్టేషన్లలో అమలు చేయించమని మేమిచ్చిన వినతిపత్రాల మీద రసీదు ముద్రలు పడ్డాయి గానీ జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. మేం ఈ కేసుల కాగితాలు రోజూ చూసే న్యాయవాదులం, హేతువాద కార్యకర్తలం.

సెక్షన్ గురించి మీ శాఖకు మేం కొత్తగా చెప్పాల్సింది లేదు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరమైతే, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసి, పస ఉంటేనే ముందుకెళ్లే వీలుంది. మాటకూ రాతకూ సంబంధించిన ఇలాంటి కేసుల్లో ఎప్పుడూ ఈ విచారణ జరపడమే సరైన పద్ధతని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి విమర్శలోనూ ముప్పును చూసేవాళ్ల కళ్లతో కాకుండా, గుండె నిబ్బరం ఉన్న మనిషి కళ్లతో ఆ మాటను చూడాలంది. రిమాండ్ వేసే ముందు ఈ తీర్పునూ, ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దన్న అర్నేశ్ కుమార్ తీర్పునూ పాటించాలని మన హైకోర్టు 2025 జులైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇచ్చింది. పొరుగున తెలంగాణ హైకోర్టు సెప్టెంబరులో ఏకంగా పోలీసులకే మార్గదర్శకాలు పెట్టింది. రిమాండ్ దగ్గర జల్లెడ పడితే సరిపోదండీ. అప్పటికే మనిషి ఒక రాత్రి స్టేషన్‌లో గడిపి ఉంటాడు, ఫోన్ పోయి ఉంటుంది. జల్లెడ ఉండాల్సింది స్టేషన్ గడప దగ్గర.

అక్కడ ఇప్పుడు జరుగుతున్నది ఇది. పోస్టు ఒక నాయకుడి మీద, ఫిర్యాదు చేసేది ఆయన అనుచరుడు. పరువు నష్టమే అనుకుంటే, బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356 సెక్షన్ కింద బాధితుడే స్వయంగా మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి. అది నాన్ కాగ్నిజబుల్, మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా ఎస్సై దర్యాప్తు చేయడానికి లేదు. ఆ అడ్డు దాటడానికి వర్గాల మధ్య శత్రుత్వం పెంచారనే 196, అందుకోసం వదంతులు పుట్టించారనే 353(2) తగిలిస్తారు. 196 నిలబడాలంటే మతం, కులం, భాష లాంటి ప్రాతిపదిక మీద రెండు వర్గాలుండాలి. ఈ మాట సుప్రీంకోర్టు 1997లోనే, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన బిలాల్ అహ్మద్ కాలూ కేసులోనే చెప్పింది. ఒక మంత్రి, ఆయన్ను విమర్శించినవాడు, ఈ ఇద్దరూ రెండు వర్గాలు ఎలా అవుతారు? తిట్టు ఉంటే, ఆన్‌లైన్‌లో అశ్లీలం పెట్టారనే ఐటీ చట్టం 67 పెడతారు. అసభ్యంగా ఉన్నదల్లా అశ్లీలం కాదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ చాలనట్టు కొన్ని కేసుల్లో 111, అంటే వ్యవస్థీకృత నేరం. ఆ సెక్షన్ వివరణలోనే ఉంది: గత పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు పడి, వాటిని కోర్టు విచారణకు స్వీకరించి ఉండాలని. ఫేస్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసినవాడికి ఆ చరిత్ర ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక ఫోన్ సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదవమని వేడుకుంటున్నాం, ఎందుకంటే మనిషి నిజంగా దెబ్బతినేది ఇక్కడే. మధ్యవర్తుల నివేదికలో (ఫోన్ స్వాధీనం చేసుకుంటూ సాక్షుల ముందు రాసే కాగితంలో) సాధారణంగా ఉండేది ఇంతే: నలుపు రంగు ఫోన్ ఒకటి, స్క్రీన్ ఒక మూల పగిలి ఉంది, ఐఎంఈఐ నంబర్లు రెండు, సిమ్ కంపెనీ పేరు, కింద సంతకాలు. ఫోన్ ఆన్‌లో ఉండగా తీసుకున్నారా, ఆఫ్ చేశారా? ఫ్లైట్ మోడ్‌లో పెట్టారా? ఏ కవర్లో పెట్టి, ఏ సీలు వేశారు? ఇవేవీ ఉండవు. హ్యాష్ విలువ, అంటే లోపలి డేటా ఏమాత్రం మారినా పట్టిచ్చే అంకెల ముద్ర, అసలే ఉండదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ నమూనాలో హ్యాష్ విలువకూ, దాన్ని ఏ పద్ధతిలో తీశారో చెప్పడానికీ గడులు ఇచ్చారు. పార్టీ నింపాల్సిన భాగం ఒకటి, నిపుణుడు నింపాల్సిన భాగం ఇంకొకటి. స్వాధీనం నాడు హ్యాష్ తీయకుండా, ఫోన్ కొన్ని వారాలు స్టేషన్‌లో ఉండి ఆ తర్వాత ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళితే, మధ్యలో ఎవరూ తెరవలేదని ప్రాసిక్యూషన్ దేనితో రుజువు చేస్తుంది? సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెబుతోంది. ఆ వీడియో అడిగితే దొరకదు. ప్యాటర్న్ లాక్ మాత్రం అక్కడికక్కడే చెప్పమంటారు, తన మీద తానే సాక్ష్యం చెప్పుకోమని నిందితుణ్ని బలవంతపెట్టకూడదనే రాజ్యాంగం 20(3) అధికరణం ఒకటుందని గుర్తుచేసేవాళ్లు ఆ గదిలో ఉండరు.

అసలు చాలా కేసుల్లో ఫోన్ అవసరమే లేదు. పోస్టు అందరికీ కనబడుతూనే ఉంది, రాసినవాడు నేనే రాశానంటున్నాడు. లింకు, తేదీ, సమయంతో స్క్రీన్‌షాట్, దానికి 63(4) సర్టిఫికెట్ ఉంటే చాలు. అయినా ఫోన్ పోతుంది. దానితోపాటు బ్యాంకు ఓటీపీ, ఫోన్‌పే, డెలివరీ పని చేసుకునేవాడైతే ఆ రోజు కూలీ, పిల్లల స్కూలు గ్రూపు, అన్నీ పోతాయి. డూప్లికేట్ సిమ్ తెచ్చుకోవచ్చు గానీ కొత్త ఫోన్‌కు డబ్బులెక్కడివి? ఫోన్ తిరిగి ఇప్పించమని బీఎన్‌ఎస్‌ఎస్ 497, 503 కింద పిటిషన్ వేస్తే ల్యాబ్‌కు పంపామని జవాబు వస్తుంది. అలా నెలలు గడుస్తాయి. ఈలోగా పక్క జిల్లాలో అదే పోస్టు మీద ఇంకో ఎఫ్‌ఐఆర్, బెయిల్ వచ్చిన రోజే పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాణ్ని ఇంకో కేసులో హాజరుపరచమనే ఉత్తర్వు). ఒకే ఘటన మీద రెండో ఎఫ్‌ఐఆర్ చెల్లదని 2001లో టీటీ ఆంటోనీ కేసులో చెప్పిన మాట స్టేషన్లకు చేరలేదా?

పార్టీల గొడవగా దీన్ని తీసిపారేయకండి. ప్రభుత్వం మారితే ఫిర్యాదుదారు, నిందితుడు కుర్చీలు మార్చుకుంటున్నారు తప్ప పద్ధతి మారడం లేదు. ఆడవాళ్ల ఫొటోలు మార్ఫింగ్ చేసేవాళ్లనూ, కులం పేరుతో దాడికి ఉసిగొల్పేవాళ్లనూ వదిలేయమని మేం అడగడం లేదు. వాళ్ల మీద కేసులు గట్టిగా నిలబడాలన్నా దర్యాప్తు ఇలా ఉండకూడదు.

మతం విషయంలో పరిస్థితి ఇంకా ఇబ్బందిగా ఉంది. చేతిలోంచి విభూది ఎలా రాలుతుందో, నిప్పుల మీద నడిస్తే కాళ్లెందుకు కాలవో చూపించే కార్యక్రమానికి హాలు అడిగితే, ముందు స్టేషన్ అనుమతి తెమ్మంటున్నారు. మత భావాలను అవమానించారనే బీఎన్‌ఎస్ 299 పెడతారేమోనని యజమానుల భయం. దాని పాత రూపమైన ఐపీసీ 295ఏ చెల్లుతుందన్న 1957 రాంజీలాల్ మోదీ తీర్పులోనే, ఉద్దేశపూర్వకంగా, ద్వేషంతో చేసిన అవమానానికే అది వర్తిస్తుందని ఉంది. ప్రశ్నించడం అవమానం కాదు. శాస్త్రీయ దృక్పథం, జిజ్ఞాస పెంచుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఏ(హెచ్) చెబుతోంది. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన కందుకూరి, పురాణాలను నిలదీసిన త్రిపురనేని, విజయవాడలో నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా పనిచేసిన నేల ఇది. వాళ్ల విగ్రహాలకు దండలు వేస్తున్నాం. వాళ్లలా మాట్లాడేవాళ్లకు నోటీసులిస్తున్నాం. పైగా వాట్సాప్‌లో, అలా ఇవ్వకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కూడా.

196, 299 కేసుల్లో ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు విచారణకు స్వీకరించకూడదని బీఎన్‌ఎస్‌ఎస్‌లో 217 సెక్షన్ ఉంది. అంటే ఫైలు చివరికి మీ శాఖ బల్ల మీదికే వస్తుంది. ఏళ్ల తరబడి అనుమతి ఇవ్వరు, నిరాకరించరు, కేసు అలా వేలాడుతూ ఉంటుంది. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు వెళ్లిన కుర్రాడికి అది గుర్తొస్తుంది. అతని స్నేహితులు చూస్తారు, రాయడం మానేస్తారు. ఇసుక లారీల ఫొటో పెట్టేవాడు పెట్టడు, ఆస్పత్రిలో మందుల్లేవని రాసేవాడు రాయడు. తగ్గిపోతున్నది ఇదీ, ఏ గణాంకాల్లోనూ కనబడదు.

అయ్యా, మేం కొత్త చట్టం అడగడం లేదు. పోస్టుల ఫిర్యాదు ఏదొచ్చినా ముందు 173(3) విచారణ చేయాలనీ, చేయకపోతే కారణం డీఎస్పీ రాతపూర్వకంగా రాయాలనీ స్టాండింగ్ ఆర్డర్ ఇప్పించండి. ఫోన్ ఎందుకు కావాలో నివేదికలో రాయకుండా తీసుకోవద్దనండి, తీసుకుంటే ఆ రోజే హ్యాష్ తీసి నకలు యజమానికి ఇమ్మనండి. మీ దగ్గర ఆగిన 217 సెక్షన్ ఫైళ్లకు అనుమతి ఇస్తారో నిరాకరిస్తారో తేల్చండి. మళ్లీ అడుగుతున్నాం, ముందు ఆ 14 రోజుల విచారణ జరిపించండి. ఈ లేఖకైనా రాతపూర్వకంగా జవాబిప్పించమని ప్రార్థన.

ఇట్లు,
మాట మీద పెట్టిన కేసులు వాదిస్తున్న కొందరు న్యాయవాదులు, హేతువాద కార్యకర్తలు