పదిహేడో నంబరు ట్రంకు పెట్టె గురించి కలెక్టర్ గారికి

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

వన్‌టౌన్ వైపు ఒక పాత హైస్కూలు వరండాలో ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఒకటి పడి ఉంది. దాని చుట్టూ విరిగిన బెంచీలు, కాళ్ళూడిన కుర్చీలు, ఒక బీరువా తలుపు. అన్నింటినీ పనికిరావని కండెమ్ చేసి, సుద్దముక్కతో నంబర్లు వేశారు. మా పెట్టెది 17. వేలం తేదీ ఇంకా రాలేదు. కానీ పాత ఇనుము కొనేవాళ్ళు ఒకసారి వచ్చి, మూత సందులోంచి చూసి, "లోపలంతా కాగితాలే" అని పెదవి విరిచి వెళ్ళారని వాచ్‌మన్ చెప్పాడు.

ఆ కాగితాల కోసమే ఈ ఉత్తరం.

అవి మా స్కౌట్ ట్రూప్ లాగ్ బుక్కులు. నేను ఆ స్కూల్లోనే చదివాను. 1970ల్లో ఖాకీ నిక్కరు వేసుకుని, మెడకు స్కార్ఫ్ చుట్టుకుని ఆ గ్రౌండులోనే కవాతు చేశాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. స్కూలు పేరు ఇక్కడ రాయడం లేదు. హెడ్మాస్టారి మీద నాకు కోపం లేదు. ఆయనకు గదులు చాలడం లేదు, పిల్లలు కూర్చోవాలి. పాత గది ఖాళీ చేయమన్నారు, చేశారు. వివరాలన్నీ మీకు విడిగా ఇచ్చిన అర్జీలో ఉన్నాయి.

లాగ్ బుక్ అంటే పెద్ద గ్రంథమేమీ కాదండీ. ట్రూప్‌లో ఆరేడుగురు పిల్లలు కలిస్తే ఒక పెట్రోల్ (బండిలో పోసేది కాదు). ప్రతి పెట్రోల్‌కూ ఒక పక్షి పేరో జంతువు పేరో ఉంటుంది. మాది డేగ. మీటింగుకు ఎవరొచ్చారు, ఏ ముడి నేర్చుకున్నారు, క్యాంపులో అన్నం ఎవరు మాడబెట్టారు, అన్నీ అందులో రాయాలి. స్కౌటు ఎక్కాల్సిన మెట్లు ఇవి: ప్రవేశ్‌తో మొదలై ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు దాటితే రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు. పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్ళు ముందు లాగ్ బుక్ ఏదీ అని అడిగేవారు కాబట్టి భయానికైనా రాసేవాళ్ళం. దస్తూరి బాగున్నవాడికి ఆ పని అంటగట్టేవారు. నా ఖర్మ కొద్దీ నా దస్తూరి బాగుండేది.

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా స్కౌట్ మాస్టారు మమ్మల్ని ఇద్దరిద్దరిగా విడగొట్టి అల్లిపురం, డాబాగార్డెన్స్ వీధుల్లోకి పాత బట్టలు అడగడానికి పంపారు. ఆ వారం నేను రాసిన పేజీల్లో ఇంటింటి లెక్క ఉంది. ఎన్ని చొక్కాలు, ఎన్ని లంగాలు, ఎన్ని దుప్పట్లు. ఒకచోట "పట్టుచీర, 1" అని ఉంటుంది. దాని కిందే ఇంకో రంగు సిరాతో "మాస్టారు వెనక్కి పంపి అడిగి రమ్మన్నారు. పొరపాటు కాదట, తెలిసే ఇచ్చారట" అని ఉంటుంది. ఆ ఇంటి అరుగు, మేం నీళ్ళు నమిలిన తీరు, "ఏటి బాబూ, ఇచ్చింది మళ్ళీ అడుగుతారా?" అని ఆవిడ నవ్వడం నాకింకా గుర్తే. ఉప్పెన గురించి ప్రభుత్వం దగ్గర పెద్ద పెద్ద ఫైళ్ళు ఉండే ఉంటాయి. విశాఖలో ఒక వీధి ఆ వారం ఏం చేసిందో మాత్రం ఆ పేజీలోనే ఉంది.

ఇంకో పేజీ గురించి కూడా చెప్పాలి. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, బౌలైన్ ముడులు బ్లాక్‌బోర్డు మీద నేర్పి నేర్పి విసిగిపోయి, మాస్టారు ఒక ఆదివారం మమ్మల్ని పెద జాలరిపేట ఒడ్డుకు తీసుకెళ్ళారు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా బౌలైన్ చూసి, పర్లేదు గానీ తడి తాడుకి ఇది సాలదన్నాడు. చేతిలో తాడు లాక్కుని నాలుగు ముడులు వేసి చూపించాడు. వాటికి పేర్లు అడిగితే, ముడికి పేరేటి, పనికొస్తే సాలదా అన్నాడు. మా పెట్రోల్‌లో బొమ్మలు వేసే కుర్రాడు ఆ నాలుగింటినీ పెన్సిలుతో గీసి కింద 1, 2, 3, 4 అని అంకెలు వేశాడు. వాటిలో మూడు నాకు ఏ స్కౌటు పుస్తకంలోనూ కనిపించలేదు. ఇప్పుడు వలలు నైలాన్‌వి, తాళ్ళూ మారిపోయాయి. ఆ ముడులు వేయగలిగినవాళ్ళు ఒడ్డున ఎంతమంది మిగిలారో!

స్కౌటింగ్ పెద్ద చరిత్ర ఎలాగూ దొరుకుతుంది. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 20 మంది అబ్బాయిలతో పెట్టిన క్యాంపు, 1909లో బెంగళూరుతో ఈ ఉద్యమం మన దేశానికి రావడం, మొదట్లో దొరల పిల్లలకూ ఆంగ్లో ఇండియన్ పిల్లలకూ తప్ప మనవాళ్ళకు చోటు లేకపోవడం, అది చూసి మద్రాసులో అనీబిసెంట్, అలహాబాదులో మదన్ మోహన్ మాలవ్యా, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ వాజ్‌పేయి మన పిల్లలకోసం వేరే సంఘాలు పెట్టడం, చివరికి 1950 నవంబర్ 7న అవి కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ కావడం, మరుసటి ఏడు ఆగస్టు 15న గైడ్లు (అమ్మాయిల విభాగం) కూడా చేరడం, ఇవన్నీ పుస్తకాలకెక్కాయి. అనీబిసెంట్ మద్రాసులో ఆ పని మొదలుపెట్టినప్పుడు విశాఖ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ కబురు మన ఊరికి ఎప్పుడు చేరింది? ఏ స్కూలు పిల్లలు ముందు స్కార్ఫ్ కట్టారు? ఈ ఊరి స్కౌట్ల సంగతి స్కూళ్ళ బీరువాల్లో, ఇలాంటి ట్రంకు పెట్టెల్లో వెతుక్కోవలసిందే.

పైగా మన ఊరిది ఒక తమాషా. స్కౌటింగ్‌లో రైల్వే జోన్‌ను కూడా ఒక రాష్ట్రంగానే లెక్కేస్తారు. అంటే మా వీధి చివర రైల్వే క్వార్టర్స్‌లో ఉండే నా స్నేహితుడు క్యాంపుకు వస్తే వేరే రాష్ట్రం నుంచి వచ్చినట్టే! ఒకే ఊళ్ళో రెండు రాష్ట్రాల రికార్డులన్నమాట. వాళ్ళవి ఏ స్టోర్ రూములో ఉన్నాయో వాళ్ళకే తెలియాలి.

మా పెట్టె ఒకసారి చచ్చి బతికింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ గది కిటికీలు ఊడిపోయాయి, పెట్టె అడుగున నీళ్ళు చేరాయి. రోడ్ల మీద చెట్లు కాస్త తీశాక పాత విద్యార్థులం ఐదుగురం వెళ్ళాం. కరెంటు లేదు, ఫ్యాను కింద ఆరబెట్టే దారి లేదు. పేజీల మధ్య న్యూస్‌పేపర్లు పెట్టి, వరండాలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీశాం. ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, వాటిలో చాలావరకు దక్కలేదు. సిరాతో రాసినవి కొన్ని అలుక్కుపోయాయి. పెన్సిలు మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే ఆ ముడుల బొమ్మలు మిగిలాయి.

తప్పు మాది కూడా ఉంది, ఒప్పుకుంటాను. ఆరబెట్టిన రోజే ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీసి ఉండాల్సింది. తీయలేదు. "తర్వాత చూద్దాం" అనుకున్నాం, పదేళ్ళు దాటిపోయింది. మాలో ఒకరిద్దరు గుర్తుగా ఉంటుందని ఫోటోలు ఇంటికి తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. డేగ పెట్రోల్ పుస్తకం ఒకటి మా ఇంట్లోనే ఉంది. దాన్ని కూడా ఈ పెట్టెతో పాటు అప్పగిస్తాను. ఇక ఈనాటి ట్రూపుల సంగతి. చాలా చోట్ల జనవరి 26, ఆగస్టు 15 కవాతులకు తప్ప యూనిఫాం బయటికి రావడం లేదు. పాత పుస్తకాలు పోయాయని అడిగే పిల్లవాడు కూడా ఉండడు.

నేను కోరేది చాలా చిన్నది. 17వ నంబరును ఆ కండెమ్ జాబితాలోంచి తీయించండి. జిల్లాలో మిగతా స్కూళ్ళు పాత సామాను అమ్మే ముందు స్కౌట్లవీ గైడ్లవీ పుస్తకాలేమైనా ఉన్నాయేమో చూసి పక్కన పెట్టమని ఒక్క సర్క్యులర్ ఇప్పించండి. గైడ్లవి అని ప్రత్యేకంగా ఎందుకు అంటున్నానంటే, మా ఎదురు స్కూలు అమ్మాయిల పుస్తకాలు మావాటికంటే ఎంతో నీటుగా ఉండేవి. ఇప్పుడు అవి ఎక్కడున్నాయో చెప్పేవాళ్ళే లేరు. దాచడానికి కొత్త భవనమేమీ అక్కర్లేదు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది. తాళపత్రాలు భద్రపరిచిన ఆంధ్రా యూనివర్సిటీ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉంది. ఎవరు ఒక అల్మారా ఇస్తామన్నా సరే. పేజీలు స్కాన్ చేసే పని మేం ముగ్గురం చేస్తాం, మాకు వేరే పని కూడా లేదు.

మీరు ఎవరినైనా చూడటానికి పంపిస్తే, తాళంచెవి నా దగ్గరే ఉంది. తాళం తుప్పు పట్టింది, రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి కాసేపు ఆగాలి. సుత్తితో కొట్టొద్దని చెప్పండి.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక పాత స్కౌట్, అల్లిపురం, విశాఖపట్నం