"ఆకలేస్తే వాడే తింటాడు లేమ్మా" అనే ముందు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మన బడిలో ఆటిజం (మాట, నలుగురితో మెలగడం, చప్పుడు, తాకిడి తట్టుకోవడం వేరే తీరుగా ఉండడం), డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ (కండరాలు, కదలికలు మాట వినకపోవడం), ఏడీహెచ్‌డీ (కుదురు, ధ్యాస నిలవకపోవడం), మూర్ఛ, వినికిడి లోపం ఉన్న పిల్లలు మీ పిల్లల పక్కనే కూర్చుని చదువుకుంటున్నారు. వాళ్ల అమ్మానాన్నలు పేరెంట్స్ మీటింగులో పెద్దగా నోరు విప్పరు. విప్పినప్పుడు వినబడేది దాదాపు ఒకే మాట. బిడ్డను సాకడం కష్టమే గానీ, చుట్టూ ఉన్నవాళ్ల సలహాలు మోయడం అంతకన్నా కష్టంగా ఉందని.

ఆ సలహాలు చెడ్డ మనసుతో చెప్పేవి కావు. మన పిల్లల దగ్గర పనిచేశాయి కాబట్టే చెబుతాం. కానీ అవి పనిచేయాలంటే బిడ్డ చెవి, నాలుక, ఒళ్లు, మెదడు ఒక తీరుగా నడుస్తుండాలి. అలా నడవని బిడ్డ తల్లితో అదే మాట అంటే "నీకు పిల్లల్ని పెంచడం చేతకాదు" అన్నట్టే తగులుతుంది. ఈ నెల ఉత్తరం దాని గురించే.

ముందు తిండి సంగతి. ఆకలేస్తే తింటారన్నది చాలామంది పిల్లల విషయంలో నిజం. ఆటిజం ఉన్న కొందరికి మాత్రం ఆకలవుతున్న సంగతి ఒంట్లోంచి సరిగా తెలియదు. తెలిసినా, నోట్లో ముద్ద తగిలే తీరు భరించలేరు. మన చిత్రాన్నమే తీసుకోండి. మెత్తటి అన్నం, నడుమ గట్టి చెనిక్కాయ గింజ, పంటికింద ఆవాలు, నమిలినా తెగని కరివేపాకు. మనకు అదే రుచి. ఆ బిడ్డకు మాత్రం ఏ ముద్దలో ఏది తగులుతుందోనన్న భయం. రోజూ అదే బిస్కెట్టు, అదే పెరుగన్నం అడిగేది గారాబం వల్ల కాదు, నిన్న ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉంటుందన్న భరోసా కోసం. పస్తు పెడితే దారికి రారు. కొందరు నిజంగానే తినకుండా ఉండిపోయి బరువు తగ్గుతారు.

కొత్త పదార్థం అలవాటు చేయడానికి ఆ ఇళ్లలో పడే పాటు చూస్తే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది. బిడ్డ కంచంలో వేయకుండా పక్కన చిన్న గిన్నెలో, శనగగింజంత మాత్రమే పెడతారు. మొదట అది కళ్లెదుట ఉన్నా ఏడవకపోతే చాలు. కొన్నాళ్లకు వేలితో తాకడం, తర్వాత వాసన చూడడం, పెదవికి ఆనించడం, నాలుకతో నాకడం, కొరికి ఉమ్మేయడం. ఉమ్మేసినా ఆరోజు పని జరిగినట్టే. ఒక్కో మెట్టుకు వారం, పదిరోజులు పట్టొచ్చు. ఇదంతా ఎక్కడ చెడుతుందంటే, తెలియకుండా తింటాడులే అని పెరుగన్నంలో క్యారెట్ తురుము కలిపినప్పుడు. ఒక్కసారి పంటికి తగిలిందంటే ఆ పెరుగన్నాన్ని కూడా నమ్మడు. తినే నాలుగు రకాలు మూడవుతాయి. అవ్వలు, అమ్మమ్మలు ప్రేమ కొద్దీ చేసే పొరపాటు ఇది. క్యారియర్‌లో రోజూ ఒకటే తెచ్చుకునే పిల్లాణ్ని "మీ అమ్మకు ఇంకేం వండను రాదా?" అని తోటి పిల్లలు అడగకుండా ఇంట్లో చెప్పండి.

రెండో సలహా "రెండు తగిలిస్తే దోవకొస్తాడు". సప్తగిరి సర్కిల్ దగ్గర బజారులోనో, పెళ్లి మంటపంలోనో ఒక బిడ్డ నేలమీద పడి అరుస్తుంటే చూసేవాళ్లకు మొండితనంలాగే కనబడుతుంది. కానీ అందులో రెండు రకాలున్నాయి. మొండికేసిన బిడ్డ నడుమనడుమ మీ ముఖం చూస్తాడు, అడిగింది చేతికొస్తే ఆగుతాడు. చప్పుడో, వెలుతురో, జనమో తట్టుకోలేక అరిచే బిడ్డ అడిగింది ఇచ్చినా ఆగడు. చెవులు మూసుకుంటాడు, తల నేలకు కొట్టుకుంటున్న స్పృహ కూడా ఉండదు, అయిపోయాక వాడిపోయిన ఆకులా పడుకుంటాడు. ఇప్పటికే మోయలేనంత మోస్తున్న ఒంటిమీద దెబ్బ ఇంకో బరువు, అందుకే అరుపు ఇంకా పెరుగుతుంది.

అప్పుడు చేయవలసింది తక్కువే. మాటలు ఆపాలి, ఎందుకంటే ఊరడింపు కూడా ఆ క్షణంలో చప్పుడే. తలకు దెబ్బ తగలకుండా కింద సంచో, చున్నీనో పెట్టాలి. వీలైతే నిశ్శబ్దంగా ఉన్న మూలకు తీసుకెళ్లాలి. తగ్గడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, గంట కూడా పట్టొచ్చు. బుద్ధి చెప్పడం ఏదైనా ఉంటే మర్నాడు చెప్పుకోవచ్చు. పక్కన నిలబడ్డవాళ్లు ఫోన్ తీసి వీడియో పట్టకండి. "జనాన్ని పక్కకు పొమ్మననా, నీళ్లు తెమ్మంటారా?" అని తల్లిని అడగండి, ఆమె తల ఊపితే ఆ పని చేయండి. బడిలో మేము చేస్తున్నది కూడా ఇలాంటిదే. చప్పుడు భరించలేని పిల్లలు ప్రార్థనలో మైకుకు దూరంగా చివర నిలబడతారు, గంట కొట్టే రెండు నిమిషాల ముందు టీచర్ వాళ్ల బెంచీ మీద గంట బొమ్మ ఉన్న అట్టముక్క పెడతారు. అది వాళ్లకిచ్చే అదనపు ముద్దు అని దయచేసి అనుకోవద్దు.

"వాళ్ల నాయన కూడా నాలుగేండ్లకు మాట్లాడినాడు, వస్తాయిలే మాటలు" అన్నది వినడానికి చల్లగా ఉంటుంది గానీ విలువైన నెలలు పోగొడుతుంది. ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోయినా ఆగకండి. వచ్చిన మాటలు పోతుంటే ఏ వయసులోనైనా అదే రోజు కదలండి. ముందు చెవి పరీక్ష చేయించాలి. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీలో (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయపడే కేంద్రం) ఎదుగుదలను చూస్తారు. బడి ఈడు పిల్లలకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసమే నడిపే భవిత కేంద్రాలున్నాయి.

తప్పు తల్లిమీద వేసే మాటలు ఇంకా ఉన్నాయి. ఫోన్ ఇచ్చినందుకని, గ్రహణం పట్టినందుకని, మేనరికం చేసుకున్నందుకని. మేనరికం కొన్ని వంశపారంపర్య జబ్బుల అవకాశాన్ని పెంచుతుందన్నది నిజమే. కానీ డౌన్ సిండ్రోమ్ చాలావరకు 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ రావడం వల్ల వస్తుంది, దానికి మేనరికంతో పని లేదు. గ్రహణానికీ ఏ లోపానికీ సంబంధం లేదు. ఇంటి కోడలిని ఏళ్ల తరబడి నిలదీసే ఈ మాటలు మన ఇళ్లలోనే ఆగిపోవాలని నా కోరిక.

మూర్ఛ వచ్చిన బిడ్డ చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, గట్టిగా పట్టుకోవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఇది ఆటో అన్నలకు కూడా చెప్పండి.

పొగడ్త కూడా నొప్పిస్తుందంటే నమ్మబుద్ధి కాదు. "మీలాంటి ఓపిక ఉన్నవాళ్లకే దేవుడు ఇలాంటి బిడ్డను ఇస్తాడు" అన్నాక ఆ తల్లి "అలసిపోయాను" అని ఎవరితో చెప్పుకోవాలి? దానికి బదులు శనివారం రెండు గంటలు ఆమె పెద్దపాపను మీ ఇంట్లో ఆడించండి. పుట్టినరోజుకు ఆ బిడ్డనూ పిలవండి. కేకు ఎప్పుడు కోస్తారో, పాటలు ఎప్పుడు పెడతారో ముందే చెప్పండి, ఎప్పుడు తీసుకురావాలో వాళ్లే చూసుకుంటారు.

ఇక ఆ పిల్లల తల్లిదండ్రులకు రెండు మాటలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా ఉన్నాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో ఉచిత చదువు హక్కు. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం వైద్య పరీక్షకు స్లాట్ సచివాలయంలో గానీ మీసేవలో గానీ బుక్ చేసుకోండి. పదో తరగతి వరకు ఆగొద్దు, పరీక్షలో సహాయకుడు, అదనపు సమయం అడగడానికి ఆ ధ్రువపత్రమే ఆధారం. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు 18 నిండాక మీరు దానంతటదే చట్టపరమైన సంరక్షకులుగా కొనసాగరు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

ఈ ఉత్తరంతో పాటు ఒక ఖాళీ కాగితం పంపుతున్నాం. మీ బిడ్డను ఏ చప్పుడు, ఏ తాకిడి ఇబ్బంది పెడుతుంది, దేనితో నెమ్మదిస్తాడు, నీళ్లు, టాయిలెట్ ఎలా అడుగుతాడు, మందులేమిటి, ఏ వేళకు అన్న నాలుగు సంగతులు రాసి శుక్రవారం లోపు క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. దాహం వేసినా చెప్పలేని పిల్లలున్నారు, ఎండలు ముదరకముందే ఆ కాగితం మాకు అందాలి. రాయడం రాని వాళ్లు వచ్చి చెప్పండి, మేమే రాసుకుంటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
అనంతపురం