పిడికెడు బియ్యానికి చేతులు కలిపిన అందరికీ వందనాలు

కోత పండుగ ప్రేమవిందుకు, ఆ తర్వాత ఇళ్ళకు పంచిన బియ్యానికి సాయపడిన వారందరికీ మా సంఘ స్త్రీల సమాజం తరఫున ప్రభువు నామంలో కృతజ్ఞతలు.

ముందుగా రోజూ పిడికెడు తీసిపెట్టిన ఇల్లాళ్ళకు. పెద్దవాళ్ళ పిడికిట్లో పట్టేది 40, 50 గ్రాములే. రెండు పూటలా తీస్తే ఒక్కో ఇంటి నుంచి నెలకు రెండున్నర, మూడు కిలోలవుతాయి. ఎసట్లో పోయకముందే తీయాలి. నెలాఖరున డబ్బా అడుగు ఊడ్చి తెస్తే అది అర్పణ కాదు, డబ్బా శుభ్రం చేసుకోవడం! బైబిల్లో బోయజు పొలంలో పేద విధవరాలు రూతు ఏరుకున్న పరిగె కూడా కావాలని వదిలించిందే కదా.

చేటలు పట్టిన అమ్మమ్మలకు మరీ మరీ వందనాలు. సోనా, రేషన్ బియ్యం, ఉప్పుడు బియ్యం ఒకే గోనెలో పోస్తే ఒకటి ముద్దయ్యేసరికి ఇంకొకటి పలుకుగానే ఉంటుంది. మూడు డబ్బాలు పెట్టించి వేరు చేయించింది వాళ్ళే. కొత్త బియ్యం అతుక్కుపోతుందని విందుకు పాతవే తీయించారు. ముక్కపురుగు పట్టిన బియ్యాన్ని మండుటెండలో పోయనివ్వలేదు, గింజ పగిలి నూకవుతుంది. నీడన పలచగా ఆరబోసి, చెరిగి, ఎండిన వేపాకు వేసి మూత బిగించారు. పచ్చి ఆకు వేస్తే చెమ్మకు బూజు పడుతుంది. రేషన్ బియ్యంలో నీళ్ళమీద తేలే గింజల్ని ప్లాస్టిక్ అని పారేయకండి. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చి క్వింటాలుకు కిలో చొప్పున కలిపిన గింజలవి.

డేగిసాలు ఇచ్చిన మసీదు వీధివారికి, గాడిపొయ్యి తవ్విన రైతులకు, కట్టెలు తోలిన ఆటో అన్నలకు రుణపడి ఉన్నాం. కిలో బియ్యం ఏడెనిమిది మందికని లెక్క కట్టి, ఒక వాయికి 10 కిలోలు మించనివ్వని వంట మేస్త్రి గారి వల్లే అడుగు మాడలేదు.

చీకటి పడ్డాక సంచులు మోసిన కుర్రాళ్ళు ఒక్క ఫోటో తీయలేదు. పుచ్చుకున్నవారి పేర్లు మైకులో చదవలేదు. ఇకపైనా ఇంతే, ఎవరూ అడగొద్దు. టీబీ మందులు వాడుతున్న ఇళ్ళకు బియ్యంతోపాటు కందిపప్పు, గుడ్లు కోర్సు పూర్తయ్యేదాకా వెళ్తాయి. మామూలు టీబీకి అది 6 నెలలు. రెండో నెలకే ఒంట్లో బాగుందనిపించి మందులు మానేసేవాళ్ళున్నారు. అందుకే సంచి దించినప్పుడు మందుల అట్ట కూడా ఒకసారి చూసి రమ్మని కుర్రాళ్ళకు మనవి.

డేగిసాలు మసి తోమి ఎవరివి వాళ్ళకు చేర్చాం. పొడుగు కాడ ఇత్తడి గరిటె ఒకటి మాత్రం ఎవరిదో తెలియడం లేదు. మందిరం వరండాలో ఉంచాం, దయచేసి తీసుకెళ్ళండి.