లేబర్ రూంలోకి తోడు మనిషిని రానివ్వండి

సంపాదకుల గారికి,

కాన్పు ఆపరేషన్ల లెక్కలు వచ్చినప్పుడల్లా మన రాష్ట్రం పేరే ముందుంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతమైతే తెలంగాణలో 60.7. ప్రైవేటులో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. దీనికి డాక్టర్లను తిట్టేవాళ్లున్నారు, ముహూర్తం పెట్టించుకొని వచ్చే కుటుంబాలను తిట్టేవాళ్లున్నారు. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ నొప్పులు మొదలయ్యాక లేబర్ రూంలో ఆ పది పన్నెండు గంటలు గర్భిణి పక్కన ఎవరుంటున్నారన్నది ఎవరూ అడగరు.

డౌలా అనే మాట హైదరాబాద్ నుంచి ఇప్పుడిప్పుడే ఇటు వైపూ వస్తోంది. గ్రీకు మాట, సేవ చేసే స్త్రీ అని అర్థం. వినగానే ‘అంటే మంత్రసానే కదా’ అంటారు మనవాళ్లు. కాదు. మంత్రసాని కాన్పు చేసేది. డౌలా కాన్పు చేయదు, లోపలి పరీక్ష చేయదు, సూది వేయదు, బీపీ చూడదు. అవి నర్సు, మిడ్‌వైఫ్ (కాన్పులు చేయడానికి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు), డాక్టర్ల పనులు. నొప్పులు పడుతున్న మనిషిని మొదటి నుంచి చివరి దాకా వదలకుండా ఉండటమే డౌలా పని. నర్సుకు డ్యూటీ మారుతుంది, ఒక్కతే నాలుగు కాన్పు టేబుళ్లు చూసుకోవాలి. డౌలా ఒక్కరికే తోడు. ‘నేను చెయ్యి పెట్టి చూసి చెప్తా’ అనే డౌలా తారసపడితే మాత్రం దండం పెట్టి పంపించేయండి.

తోడు వల్ల ఏమొస్తుందనే దానికి గట్టి లెక్క ఉంది. 17 దేశాల్లో 15 వేలకు పైగా గర్భిణులపై జరిగిన 26 అధ్యయనాలను, వైద్య పరిశోధనలను పరిశీలించే కొక్రేన్ సంస్థ 2017లో ఒకచోట చేర్చి చూసింది. ఎడతెగని తోడు ఉన్నవాళ్లలో ఆపరేషన్లు పాతిక శాతం తక్కువ, నొప్పుల సమయం సగటున 40 నిమిషాలు తక్కువ, మత్తు, నొప్పి మందుల అవసరమూ తక్కువే. అందులోనే ఇంకో విషయం ఉంది, దాన్ని మనం సరిగ్గా పట్టించుకోలేదు. ఆపరేషన్లు బాగా తగ్గింది డౌలా తరహా తోడు ఉన్నప్పుడు. ఇంటి మనిషి తోడుంటే తల్లికి తృప్తి పెరిగింది గానీ ఆపరేషన్ల లెక్క పెద్దగా మారలేదు. ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా నడుంలోకి ఎక్కించే మందు, మామూలుగా ఇవ్వని చోట్ల తోడు ప్రయోజనం మరీ ఎక్కువ. మన జిల్లాల దవాఖానలు చాలావరకు అలాంటివే.

ఇంటి మనిషితో ఎందుకు తగ్గదో మన వార్డుల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. కూతురి అరుపులు వినలేక ఆమె తల్లే ముందు ఏడుస్తుంది. ‘మా పిల్ల తట్టుకోదు మేడం, కోసి తియ్యుండ్రి’ అని బతిమాలేది చాలాసార్లు ఇంటివాళ్లే. పక్కన భయం ఉంటే ఆమె ఒంట్లోనూ భయం పుడుతుంది. భయంతో అడ్రినలిన్ పెరిగితే గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ తగ్గి నొప్పులు నెమ్మదిస్తాయి. నెమ్మదించాయని డ్రిప్పు పెడతారు, డ్రిప్పుతో నొప్పి ఒక్కసారిగా ముదురుతుంది, ఓర్చుకోలేక ఆపరేషన్ అడుగుతుంది. ఈ గొలుసును మొదటి లంకె దగ్గరే తెంపాలంటే పక్కనున్న మనిషికి నొప్పులంటే తెలిసుండాలి.

అలా తెలిసిన మనిషి చేసే పనుల్లో పెద్ద విద్యేమీ లేదు. బిడ్డ వీపు తల్లి నడుం వైపు తిరిగి ఉన్నప్పుడు నడుం విరిగిపోతున్నట్టుంటుంది. అప్పుడామెను కుర్చీ వీపు మీదికో మంచం పట్టె మీదికో ముందుకు వాలి నిలబడమనాలి. నడుం కింద, పిరుదుల చీలికకు కాస్త పైన చదునైన ఎముక తగులుతుంది. దాని మీద అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగం ఆనించి, నొప్పి మొదలవుతుండగానే ఒత్తాలి, నొప్పి దిగేదాకా ఒకే బలంతో పట్టి ఉంచాలి. చేతి కండతో ఒత్తితే పది నొప్పులకే భుజం పడిపోతుంది, మోచెయ్యి చాచి ఒంటి బరువు వాల్చాలి. చాలామంది ఇక్కడ రుద్దుతారు. గంటల తరబడి రుద్దితే చర్మం మండి, చెయ్యి తియ్యమని కసురుతుంది. ఎంత గట్టిగా, ఎక్కడ అన్నది ఆమెనే అడగాలి, గంటకోసారి ఆ చోటు మారుతుంది కూడా, బిడ్డ తల కిందికి దిగుతున్న కొద్దీ ఒత్తే చోటూ దిగుతుంది.

రెండు గంటలకోసారి మూత్రానికి తీసుకెళ్లాలి. మూత్రసంచి నిండి ఉంటే బిడ్డ తల దిగడానికి అడ్డం, ఇది చెప్పేవాళ్లే ఉండరు. రిస్కు లేని కాన్పులో గుక్కెడు గుక్కెడుగా నీళ్లు, కొబ్బరినీళ్లు, పలుచటి జావ ఇవ్వొచ్చు. ఆపరేషన్ అనుమానంతో డాక్టర్ వద్దన్నప్పుడు మాత్రం ఇవ్వకూడదు. వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువు వీపు వైపున్న పెద్ద రక్తనాళం మీద పడి తల్లికి కళ్లు తిరుగుతాయి, బిడ్డకు రక్తం తగ్గుతుంది. నడిపించాలి, అలసిపోతే ఎడమ పక్కకు తిప్పి మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి. ఇక ‘ముక్కు, ముక్కు’ అని అందరూ కలిసి అరవడం. గర్భసంచి ద్వారం పూర్తిగా, అంటే పది సెంటీమీటర్లు తెరుచుకోకముందే ముక్కిస్తే అది వాచిపోవచ్చు, తీరా సమయానికి ఆమెకు ఓపిక ఉండదు.

అసలు తప్పు చాలాసార్లు దవాఖానకు రాకముందే జరుగుతుంది. నొప్పులను ఒకటి మొదలైనప్పటి నుంచి ఇంకోటి మొదలయ్యేదాకా లెక్కపెట్టాలి. మనవాళ్లు తగ్గినప్పటి నుంచి లెక్కేసి, దగ్గరయ్యాయనుకొని ఆగమాగమై వచ్చేస్తారు. తొలిచూలులో అయిదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయలుదేరాలి. హనుమకొండలో ఉన్నవాళ్లకు ఆ లెక్క. ఏటూరునాగారం వైపు నుంచి వంద కిలోమీటర్లు రావాల్సినవాళ్లు, రెండో కాన్పు వాళ్లు అంతకు ముందే 102 అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా నొప్పుల లెక్కే వద్దు, వెంటనే రావాలి. ఊళ్లో ఆర్ఎంపీతో నొప్పుల సూది వేయించడం, ఆముదం తాగించడం మానాలి. కొలత లేని ఆ సూదితో గర్భసంచి చిరిగిపోవచ్చు. ఆముదంతో విరేచనాలై ఒంట్లో నీరు పోతుంది.

దవాఖానకు తొందరగా వచ్చినవాళ్లకూ ఇబ్బందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల ప్రకారం అసలు నొప్పుల దశ ద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలవుతుంది. తొలిచూలుకు అక్కడి నుంచి పన్నెండు గంటల దాకా పట్టొచ్చు. తల్లీబిడ్డా బాగున్నప్పుడు, గంటకో సెంటీమీటరు తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో తొందరపెట్టొద్దని కూడా ఆ సూచనలే చెబుతున్నాయి. ఈ సంగతి తెలిసిన డౌలా డాక్టర్‌తో తగవుకు దిగదు. ‘మేడం, బిడ్డ గుండె చప్పుడు బాగుందా? ఇంకో గంట చూడొచ్చా?’ అని గర్భిణి తానే అడిగేలా చేస్తుంది. మాయ ద్వారానికి అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా ఆపరేషన్ తప్పదు, ఏ డౌలా దాన్ని ఆపలేదు, ఆపనూ కూడదు. అప్పుడైనా డౌలాకు పనుంటుంది. నడుం సూది ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది కాబట్టి బిడ్డను ఛాతీ మీద వేయించి, గంటలోపు ముర్రుపాలు పట్టేలా చూస్తుంది.

డబ్బు పెట్టి డౌలాను పెట్టుకోవాలనుకునేవాళ్లు ఏడో నెలలోనే మాట్లాడుకోవాలి. కాన్పుకు ముందు రెండు మూడుసార్లు కలవడం, 38వ వారం నుంచి ఏ వేళ పిలిచినా రావడం, కాన్పు అయ్యేదాకా ఉండటం, తర్వాత బాలింతను ఒకటి రెండుసార్లు చూసిపోవడం, ఇవన్నీ ఆ ఫీజులో ఉండాలి. తనకు జ్వరమొస్తే బదులెవరు? ఆపరేషన్ అయితే ఫీజు సంగతేంటి? ఇవి రాతలో ఉంటే మంచిది. మన దేశంలో డౌలాకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే ఎక్కడ శిక్షణ పొందింది, ఎన్ని కాన్పులకు తోడుంది అడగాలి. నార్మల్ గ్యారంటీ అనేవాళ్లను నమ్మొద్దు.

అందరూ పెట్టుకోలేరు. అలాంటివాళ్లు తల్లినే పంపాలనేం లేదు. వదినో, చిన్నమ్మో, యారాలో, కాన్పు చూసిన, గుండె నిబ్బరం ఉన్న మనిషి ఒకరిని ముందే ఎంచుకొని, పైన రాసినవి ఆమెతో చేయించి చూడాలి. తీరా ఆ రోజు ఆమె కడుపు మాడ్చుకొని నిలబడితే రెండో మంచం ఆమెకే కావాలి, కాబట్టి ఆమెకూ ఒక టిఫిన్ డబ్బా కట్టాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి.

చిక్కంతా తలుపు దగ్గర. సర్కారు దవాఖానల్లో నొప్పులప్పుడు ఒక తోడు మనిషిని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. అంటురోగం లేకుండా, శుభ్రమైన బట్టలతో, సిబ్బందికి అడ్డం రాకుండా, పక్క టేబుళ్ల జోలికి పోకుండా ఉంటే చాలంది. లేబర్ రూంల నాణ్యత పెంచడానికి కేంద్రం తెచ్చిన 2017 నాటి లక్ష్య కార్యక్రమంలోనూ ఇది ఉంది. అయినా ‘లోపల వేరేవాళ్లున్నారు, బయట కూర్చోండి’ అనే మాటే ఇంకా వినబడుతోంది. టేబుల్‌కూ టేబుల్‌కూ మధ్య ఒక పరదా, ఒక స్టూలు, ఒక గౌను, ఒక జత చెప్పులు ఉంటే ఆ మాటకు చోటుండదు. ప్రైవేటు దవాఖానల్లో విడి గదులున్నా తోడును ఆపుతున్నారంటే దానికి పరదాల సాకు కూడా లేదు.

మిడ్‌వైఫ్ శిక్షణను 2017లో కరీంనగర్ నుంచే మొదలుపెట్టిన రాష్ట్రం మనది. ఆ మిడ్‌వైఫ్‌లు ఉన్న ప్రతి దవాఖానలో వారానికో పూట, ఎనిమిదో నెల గర్భిణితో పాటు ఆమె తోడు మనిషిని కూడా కూర్చోబెట్టి నడుం ఒత్తడం, పక్కకు తిప్పడం, నొప్పులు లెక్కపెట్టడం నేర్పితే రెండు గంటల పని. అంతదాకా కుటుంబాలు చేయగలిగింది ఒకటుంది. తొమ్మిదో నెల చెకప్‌లో ‘మా తోడు మనిషి ఈమె, లోపలికి వస్తుంది’ అని డాక్టర్‌కు చెప్పి కార్డు మీద రాయించుకోండి. అర్ధరాత్రి డ్యూటీలో ఉండే వాచ్‌మన్‌కు చూపించడానికి ఆ గీత పనికొస్తుంది.

– ఒక ప్రసూతి నర్సు, హనుమకొండ