కుంపటి లేని నగ

ప్రొద్దుటూరు

చి. సౌ. చిట్టితల్లికి మీ నాయన ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం. నీవు అతుకు పెట్టకుండా తీగ చుట్టి చేసి, అనంతపురం నుండి పంపిన రాగి కమ్మలు అందినవి. మీ అమ్మ వాటిని ఉదయం పెట్టుకొని సాయంత్రానికి తీసివేసింది. నచ్చక కాదు, కొక్కెం కొన చెవిని గీరింది. కట్టరుతో తుంచిన తీగ కొన కంటికి నున్నగానే కనబడుతుంది కాని, ఉలి అంచు వలె పదునుగా ఉంటుంది. దానిని సన్నని ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, నీ బుగ్గ మీద గీసి చూసుకొని, గుచ్చుకోనప్పుడే చేయి వదలాలి.

ఇంతకాలం కుంపటి ముందు కూర్చున్నవాడిని గనుక, అతుకు లేని నగ ఎట్లా నిలుస్తుందని మొదట నాకు చిన్నచూపే కలిగింది. మేము వెలిగారం పూసి, అతుకు లోహమైన టంకం కరిగించి నిలబెట్టే బరువును నీవు చుట్లతోనే నిలబెట్టాలి. పూసను పట్టే మెడ దగ్గర తీగను సందు లేకుండా మూడు చుట్లు బిగించి, కొనను పూస వైపుకే మడిస్తే చీర కొంగును పట్టదు.

ఆన్‌లైన్‌లో తెప్పించిన 20 నంబరు తీగ కంటె మోటారు వైండింగు దుకాణంలో కొన్న 20 నంబరు తీగ లావుగా ఉందని వ్రాశావు. అందులో మోసమేమీ లేదు. గేజి అంటే తీగ లావును నంబరుతో చెప్పే పద్ధతి. అమెరికా గేజిలో 20 నంబరంటే 0.81 మిల్లీమీటర్లు, మన దుకాణాల బ్రిటిష్ గేజిలో 0.91. నంబరును నమ్మక మిల్లీమీటర్లలో అడుగు. వైండింగు తీగకు వార్నిషు పూత ఉంటుంది, దానిని వంటింటి పొయ్యి మీద కాల్చవద్దు.

నేను కమ్మచ్చులో, అంటే తీగను సన్నం చేసే బెజ్జాల పలకలో, తీగ లాగేటప్పుడు కొన్ని బెజ్జాలు దాటేసరికి అది బిరుసెక్కి తెగబోతుంది. నీవు ఒకే చోట అటూ ఇటూ వంచినా రాగికి అదే జరుగుతుంది. పూత లేని రాగిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. కాల్చినప్పుడు పట్టిన నలుపును చింతపండు, ఉప్పు తీసివేస్తాయి.

ఇక ధర సంగతి. పక్కింటి ఆవిడ "ఇంత రాగికి ఇంత డబ్బా" అన్నదని నీవు సగానికి తగ్గించుకున్నావట. 0.8 మిల్లీమీటర్ల రాగి తీగ మీటరు నాలుగున్నర గ్రాములే తూగుతుంది, దాని వెల కొన్ని రూపాయలే. నేను పనిలో చేరిన కొత్తలో ఒక షావుకారు నా చేత అయిదు రోజులు సన్నని తీగపని చేయించుకొని, మజూరిని తూకం ప్రకారమే లెక్కగట్టాడు. పని ఎంత సన్నమైతే నగ అంత తేలిక, నా కూలి అంత తక్కువ అయింది. ఆ లెక్కను నీ చేతులారా నీకు నీవే వేసుకోవద్దు. ఒక జతకు ఎన్ని గంటలు పట్టిందో వ్రాసిపెట్టుకొని, ముందు కూలి కట్టి, ఆ పైన రాగిని కలుపు.

కమ్మలను తిప్పి పంపుతున్నాను. నూటికి 92.5 పాళ్ళు వెండి ఉన్న తీగతో కొక్కేలు మార్చు. నికెల్ పూత ఉన్నవి చవకైనా కొందరి చెవులు దురదపెట్టి పుండు పడతాయి. వాటితో పాటు నా పాత పట్టకారు కూడా పెట్టాను. రాగి మీద గాట్లు పడకుండా దాని పళ్ళు అరగదీసి నున్న చేశాను. కమ్మలు పండుగలోపు కావాలని మీ అమ్మ చెప్పమన్నది.

ఇట్లు,
మీ నాయన