ఊద చావడం లేదని ఊరూ పేరూ లేని మందుకు అనుమతా?

సంపాదకుడు గారికి,

మా వైపు ఈ మధ్య ఏ పురుగుమందుల షాపు ముందు నిలబడినా, కాలువ గట్టు మీద ఏ నలుగురు చేరినా ఒకటే మాట. వరిలో ఊద అనే కలుపు గడ్డి చావడం లేదు, పాత మందులకు మొండికేసింది, బయటి దేశాల్లో ఏవో కొత్త కలుపు మందులు ఉన్నాయంట, ఇక్కడ రిజిస్ట్రేషన్ లేకపోయినా అత్యవసరం కింద అనుమతి ఇప్పించమని ఎమ్మెల్యే దగ్గరికి పోదాం అని. నేనూ విడవలూరు మండలంలో వరి వేసేవాడినే. నా కయ్యల్లోనూ ఊద ఉంది, ఆ బాధ నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఈ అనుమతి ఇప్పుడు అడుగుతున్న పద్ధతిలో ఇవ్వకూడదనే నేనంటాను. కాస్త పొడుగైనా వేయండి.

కూలీలు దొరక్క, నాట్ల ఖర్చు తట్టుకోలేక చాలామందిమి నారు నాటకుండా విత్తనమే కయ్యలో వెదజల్లడానికి వచ్చేశాం. నాటు వేసిన కయ్యలో పైరు ముందుంటుంది, కలుపు వెనక వస్తుంది, నీళ్లు నిలబెడితే సగం గడ్డి లేవనే లేవదు. వెదలో అట్లా కుదరదు. వరీ ఊదా ఒకేసారి మొలుస్తాయి, లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకే రకంగా కనిపిస్తాయి. ఆకు వెనక్కి వంచి చూస్తే వరికి మొదట్లో పల్చటి నాలుకలాంటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. తేడా అంతే. ఎకరం నిండా ఒక్కో ఆకూ వంచి చూసే ఓపిక ఎవరికుంది, ఉన్నా ఆ కూలి ఎవరిస్తారు? అందుకే అందరం మందు మీద పడ్డాం.

మరి ఆ మందు ఎందుకు పనిచేయడం లేదు? అనుమతి గురించి మాట్లాడేవాళ్లు ఎవరూ ఈ ప్రశ్న దగ్గర నిమిషం ఆగడం లేదు. అందరూ వాడే బిస్పైరిబాక్ సోడియం సంగతే తీసుకోండి. ఎకరాకు 100 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్లలో కలిపి, వెదజల్లిన 15-20 రోజుల్లో, ఊద ఇంకా లేతగా ఉన్నప్పుడు కొట్టాలి. ముందు కయ్యలో నీళ్లు తీసేసి గడ్డి ఆకు బయటపడేలా చేయాలి, కొట్టాక రెండు మూడు రోజుల్లో మళ్లీ నీళ్లు పెట్టాలి. ఇది పుస్తకంలో మాట. నిజంగా జరిగేది వేరు. స్ప్రేయరు మనిషి దొరికేసరికి ఊద పిలకలు వేసి ఉంటుంది, 200 లీటర్ల మోత ఎవడు మోస్తాడని సగం నీళ్లతోనే కానిస్తారు, కాలువ వంతు మనకు వచ్చేది ఇంకో వారానికి, ఈ లోపల తడారిన కయ్యలో రెండో విడత గడ్డి లేస్తుంది. అది చూసి మందు పనిచేయలేదు అంటాం. కొన్నిచోట్ల మందే నకిలీ అయి ఉండొచ్చు. ఇన్ని కారణాలుంటే, ఊద మందును తట్టుకునే శక్తి తెచ్చుకుంది అని ముందే తేల్చేసి కొత్త మందు కోసం బయల్దేరడం ఏం పద్ధతి?

తట్టుకునే శక్తి అబద్ధమని నేననడం లేదు. ఛత్తీస్‌గఢ్ వరి పొలాల్లో ఒక రకం తుంగ బిస్పైరిబాక్‌కు చావడం లేదని శాస్త్రవేత్తలు పరీక్ష చేసే తేల్చారు. మనకూ ఆ రోజు వచ్చే ఉండొచ్చు, ఎందుకంటే చేస్తున్న పని అట్లాంటిది. "పోయినసారి బిస్పైరిబాక్, ఈసారి పైరజోసల్ఫ్యూరాన్, మందు మార్చాను కదన్నా" అంటారు మా వాళ్లు. మారింది డబ్బా. ఈ రెండూ మొక్కలో దెబ్బకొట్టేది ఒకే ఎంజైమును, దాని పేరు ఏఎల్‌ఎస్. ఏటా అదే దెబ్బ కొడుతుంటే దాన్ని తట్టుకున్న నాలుగు మొక్కలే గింజ పోస్తాయి, వచ్చే ఏడు కయ్యంతా వాటి సంతానమే. సైహలోఫాప్ బ్యుటైల్ పనిచేసే తీరు పూర్తిగా వేరు, ఊద మీద దానికి ఇక్కడ సిఫారసు కూడా ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్న వేరే రకం మందు షాపులో ఉండగా, లేనిదాని కోసం అత్యవసరం అనడం నాకైతే అర్థం కాలేదు. ఇట్లా పనిచేసే తీరును బట్టి మందులు గుంపులుగా ఉంటాయన్న సంగతి రైతుకు చెప్పేవాడు లేడు. షాపాయన ఏది ఎక్కువ మార్జిన్ ఇస్తే అది చేతిలో పెడతాడు (అందరూ కాదు, మంచివాళ్లూ ఉన్నారు).

పంజాబ్, హర్యానా గోధుమ రైతులు మనకంటే ముందే ఈ దారిలో నడిచారు. అక్కడ గుల్లీ దండా అనే గడ్డి 1990ల మొదట్లోనే ఐసోప్రొట్యురాన్ అనే కలుపు మందుకు లొంగకుండా పోయింది, కొంతమంది చేసేది లేక పచ్చి గోధుమను పశువుల మేతకు కోసేసుకున్నారు. ఆ దశాబ్దం చివర్లో క్లోడినాఫాప్, సల్ఫోసల్ఫ్యూరాన్ లాంటి కొత్త మందులు వచ్చి గట్టెక్కించాయి. తర్వాత కొన్నేళ్లకు ఆ గడ్డి వాటికీ అలవాటు పడింది. మందు మారింది కానీ వాడే పద్ధతి మారలేదు.

అత్యవసర అనుమతి అనేది అమెరికాలో చట్టంలోనే ఉంది, అక్కడి పురుగుమందుల చట్టం సెక్షన్ 18 కింద. దాని గురించి మనవాళ్లు సగమే చెబుతున్నారు. అక్కడ అడగాల్సింది కంపెనీ కాదు, రాష్ట్ర ప్రభుత్వమో కేంద్ర శాఖో అడగాలి. ఏటా వచ్చే మామూలు సమస్య అయితే కుదరదు, వేరే దారి లేదని, నష్టం పెద్దదని చూపించాలి, ఇచ్చినా గడువు పెట్టి ఇస్తారు. 2014లో టెక్సాస్ రాష్ట్రం పత్తిలో ప్రొపజైన్ అనే కలుపు మందుకు ఇట్లాగే అడిగింది. గ్లైఫోసేట్ అనే కలుపు మందుకు చావని పామర్ అమరాంత్ అనే కలుపు మొక్క అప్పట్లో అక్కడి పొలాలను మింగేస్తోంది. మన తోటకూర జాతిదే, ఒక్క మొక్క లక్షల గింజలు పోస్తుంది. అడిగింది దాదాపు 30 లక్షల ఎకరాలకు. కష్టం నిజమే, అయినా ఈపీఏ (అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ) ఒప్పుకోలేదు. ఆ మందు తాగునీళ్లలోకి చేరే ప్రమాదమే అందుకు కారణం.

ఆ మాట చదివినప్పుడు నాకు మా డ్రెయిన్లే కళ్ల ముందు కనిపించాయి. మా కయ్యల్లోంచి దిగిన నీళ్లు పైడేరు లాంటి డ్రెయిన్లలో పడి తీరం వైపు పోతాయి. ఆ దారిలో రొయ్యల గుంటలు ఎన్ని ఉన్నాయో నెల్లూరు జిల్లాలో ఎవరికైనా తెలుసు. కలుపు మందు రొయ్యను నేరుగా చంపకపోయినా గుంటలో నాచునూ ప్లాంక్టన్‌నూ చంపితే చాలు, ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. మా ఊళ్లలో చాలా ఇళ్లకు వరి కయ్యా ఉంది, రొయ్యల గుంటా ఉంది, అన్న వరి వేస్తే తమ్ముడు రొయ్యలు వేస్తాడు. మన మాగాణి నీళ్లలో ఎన్నాళ్లు ఉంటుందో చూడని మందును దిగుమతి చేసుకుని కొట్టాక ఏదైనా జరిగితే ముందు తగువు పడేది ఆ అన్నాదమ్ములే, అనుమతి ఇప్పించిన పెద్దమనుషులు కాదు.

మన దగ్గర 1968 నాటి పురుగుమందుల చట్టం ఉంది. ఫరీదాబాద్‌లో ఉన్న కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ ఒప్పుకోనిదే ఏ మందూ అమ్మకూడదు, దేశానికి కొత్తగా వచ్చే మందుకు షరతులతో రెండేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చే వీలూ అందులోనే ఉంది. మొక్కజొన్నలో కత్తెర పురుగు 2018లో ఉన్నట్టుండి దేశంలోకి వచ్చినప్పుడు, అప్పటికే వేరే పంటల్లో రిజిస్టరైన కొన్ని మందులను దాని మీద వాడుకోవడానికి తాత్కాలికంగా ఒప్పుకున్నారు కూడా. అదీ అత్యవసరం అంటే. ఆ పురుగు కొత్తది, వారాల్లో రాష్ట్రాలు దాటింది. ఊద మన తాతల నాటి గడ్డి. ఇవాళ చావడం లేదంటే ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన సమస్య, దానికి రాత్రికి రాత్రి జీవో తెచ్చే పరుగు దేనికి?

ఇంకో వాదన కూడా విన్నాను. "నువ్వు వద్దన్నా ఎట్లాగూ దొంగతనంగా వస్తుంది, సర్కారే ఇస్తే మంచిది కదా" అని. ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని కేంద్రం 2022లో ఉత్తర్వు ఇచ్చింది, పల్లెలో అట్లాంటి మనిషిని ఎవరైనా చూశారా? డబ్బా మాత్రం దొరుకుతూనే ఉంది. కలుపు మందు కొట్టినా చావని, అనుమతి లేని పత్తి విత్తనం కూడా రాష్ట్రంలోకి అట్లాగే దిగింది. కాకపోతే దొడ్డిదారి మందుకు ముద్ర వేసినంత మాత్రాన అది మంచి మందు అయిపోదు. పైరు మాడితే రైతుకు నష్టం ఎవరిస్తారు, బిల్లు కూడా లేకుండా కొన్నవాడు ఎవరిని అడుగుతాడు అన్నది మాత్రం అట్లాగే మిగులుతుంది.

కాబట్టి ఎమ్మెల్యే దగ్గరికి పోయేవాళ్లు వేరేది అడగండి. చావని ఊద గింజలు తీసుకుని, మందు ఎప్పుడూ పడని చోట నుంచి తెచ్చిన ఊద గింజలతో పాటు కుండీల్లో మొలిపించి, సిఫారసు మోతాదు, దానికి రెండింతలు, నాలుగింతలు కొట్టి మూడు నాలుగు వారాలు చూస్తే తట్టుకునే శక్తి ఉందో లేదో తెలిసిపోతుంది. దీనికి కోట్లు అక్కర్లేదు, నెల్లూరులో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నిజంగా ఉందని తేలితే, రిజిస్ట్రేషన్ ఉన్న మిగతా గుంపుల మందులు కూడా పనిచేయవని తేలితే, అప్పుడు రాష్ట్ర వ్యవసాయ శాఖే కాగితం పెట్టాలి. ఎన్ని ఎకరాలకు, ఏ సీజను వరకు, డ్రెయిన్ల నీళ్లు ఎవరు పరీక్షిస్తారు, పైరు పోతే ఎవరు కడతారు, అన్నీ అందులో రాసి. అట్లా వచ్చిన అనుమతికి నేనే మొదట సంతకం పెడతాను.

ఒక్క తొందర మాత్రం ఉంది. ఊద వరికంటే ముందే పండి రాలిపోతుంది, కోత మిషను దిగేసరికి కంకిలో గింజ మిగలదు. పరీక్షకు గింజలు కావాలంటే కోతలకు ముందే కయ్యల్లోకి రావాలి. ఎవరికి ఇవ్వాలో రైతు సేవా కేంద్రాల్లో ఒక బోర్డు పెట్టించండి, కోసి మూట కట్టి మేమే తెచ్చిస్తాం.

- ఒక వరి రైతు,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా