మీ 25వ పెళ్లిరోజుకి ఎక్కడికంటే...

గుంటూరు,
ఆదివారం ఉదయం

ఒరేయ్ బావా,

రాత్రి నీ మెసేజ్ చూశాను. "25వ పెళ్లిరోజుకి మీ చెల్లెమ్మని విదేశం తీసుకెళ్దామనుకుంటున్నాను. మాల్దీవులా, స్విట్జర్లాండా, బాలీయా? ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదురా ఇది. అందుకే పొద్దున్నే కాఫీ తాగి కాగితం ముందేసుకున్నాను.

ముందు ఒక్కటి అడుగుతాను. ఈ మూడు పేర్లలో చెల్లెమ్మ నోటి నుంచి వచ్చింది ఏదైనా ఉందా? ఉండి ఉండదని నా అనుమానం. మాల్దీవులు అందంగా ఉంటాయి, కాదనను. మనవాళ్లకి వీసా అక్కడ దిగాకే ఇస్తారు, ఆ టెన్షన్ కూడా లేదు. కానీ సూర్యలంక వెళ్లినప్పుడు చెల్లెమ్మ మోకాలి లోతు దాటి నీళ్లలోకి దిగలేదు, గుర్తుందా? చుట్టూ నీళ్లు తప్ప మరేం లేని చోట అయిదు రోజులు ఆవిడ ఏం చేస్తుంది చెప్పు. స్విట్జర్లాండ్ అయితే వీసా అపాయింట్‌మెంట్ల దగ్గర్నుంచీ చాలా ముందుగా మొదలుపెట్టాలి, ఖర్చూ ఎక్కువే. బాలీ బాగానే ఉంటుంది. అయినా నన్ను అడిగావు కాబట్టి నా మనసులో ఉన్న ఊరే చెబుతాను. వియత్నాంలో హోయ్ ఆన్.

ఎందుకో చెప్పాలంటే మా యూరప్ ప్రయాణం నుంచి మొదలుపెట్టాలి. 10 రోజుల్లో 6 దేశాలు అని ఒక టూర్ కంపెనీ వాళ్లు చెబితే డబ్బు కట్టి వెళ్లాం కదా. బస్సు దిగడం, ఫొటో తీసుకోవడం, మళ్లీ బస్సెక్కడం. తిరిగొచ్చాక ఏ ఫొటో ఏ ఊరిదో మా ఆవిడకీ, అదే మీ చెల్లెలికీ, నాకూ ఇద్దరికీ తెలియలేదు. పదిరోజులూ పక్కపక్కనే కూర్చున్నాం గానీ, తీరిగ్గా మాట్లాడుకున్నది ఏమీ లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. అందుకే పోయినేడు మార్చిలో హోయ్ ఆన్‌కి బయల్దేరినప్పుడు ఇద్దరం ఒకే మాట అనుకున్నాం. ఒకటే ఊరు, అయిదు రాత్రులు, ఏదైనా మిగిలిపోతే మిగిలిపోనీ అని.

డా నాంగ్ విమానాశ్రయంలో దిగితే హోయ్ ఆన్ 30 కిలోమీటర్లు, కారులో ముప్పావుగంట. థూ బోన్ నది ఒడ్డున పాతకాలపు రేవు పట్టణం. ఒకప్పుడు జపాన్ వాళ్లు, చైనా వాళ్లు ఓడల్లో వచ్చి వ్యాపారం చేసి, అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. ఆ పసుపు గోడల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. పాత ఊరి వీధుల్లో చాలా గంటలు మోటారు బండ్లని రానివ్వరు. హారన్ మోత లేని బజారులో ఇద్దరూ పక్కపక్కన నడవడం ఎంత హాయిగా ఉంటుందో, మన బ్రాడీపేటలో ఇన్నేళ్లు నడిచినవాళ్లకే తెలుస్తుంది.

రెండో రోజు హోటల్ వాళ్లు రెండు సైకిళ్లు ఇచ్చారు. మీ చెల్లెలు "నేను తొక్కలేను, నువ్వు వెళ్లిరా" అంటుందనుకున్నాను. తను మాత్రం చెప్పులు సరిచేసుకుని, చున్నీ చక్రంలో పడకుండా నడుముకి చుట్టుకుని ఎక్కేసింది. మొదట కాస్త తూలింది. తర్వాత బెల్లు కొట్టుకుంటూ నన్ను దాటి వెళ్లిపోయింది. వరిచేల మధ్య సన్నటి దారి, నాలుగైదు కిలోమీటర్లు పోతే ఆన్ బాంగ్ అనే బీచ్. అక్కడ కొబ్బరి బోండాం తాగుతూ అప్పుడు చెప్పింది. ఇంటర్‌లో రోజూ మూడు మైళ్లు సైకిల్ మీదే కాలేజీకి వెళ్లేదట. పెళ్లయ్యాక మళ్లీ ఎక్కలేదట. 26 ఏళ్లు కాపురం చేశాను బావా, నాకు ఆ సంగతి తెలియదు. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఎంతసేపు మాట్లాడుకున్నామో.

ఆ ఊళ్లో దర్జీ షాపులు లెక్కలేనన్ని. ఈరోజు కొలతలిస్తే రేపటికో ఎల్లుండికో కుట్టి ఇస్తారు. మీ చెల్లెలు వాళ్ల ఆవ్ జాయ్ కుట్టించుకుంది. మెడ దగ్గర పట్టీ, పక్కల చీలికలతో పొడుగు చొక్కా, కింద వదులు ప్యాంటు. కొలతలు తీసిన ఆవిడకి ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు, తనకి వియత్నాం భాష అసలే రాదు. అయినా టేపు మెళ్లో వేసుకుని ఒకావిడ, గుడ్డ భుజం మీద వేసుకుని ఇంకొకావిడ, చేతులతోనే గంటసేపు కబుర్లు చెప్పుకున్నారు. మర్నాడు వేసి చూసుకుంటే భుజం దగ్గర అర అంగుళం వదులైంది. అక్కడికక్కడే విప్పి మళ్లీ కుట్టింది.

ఇక చెల్లెమ్మకి తప్పకుండా నచ్చే రాత్రి ఒకటుంది. వాళ్ల చాంద్రమానంలో నెలకి 14వ రోజు సాయంత్రం పాత ఊళ్లో కరెంటు దీపాలు తగ్గించేసి పట్టు లాంతర్లు వెలిగిస్తారు. మన లెక్కలో దాదాపు శుద్ధ చతుర్దశి, అంటే పున్నమికి ముందు రోజు. అదే చూసుకుని టిక్కెట్లు తియ్యి. చిన్న పడవలో ఎక్కి, కాగితపు దొన్నెలో దీపం పెట్టి నదిలో వదులుతారు. కార్తీక పౌర్ణమికి కృష్ణలో వదిలినట్టే. మీ చెల్లెలు దీపం వదిలి చేతులు జోడించింది. పడవ తోలే ముసలావిడ అది చూసి తనూ చేతులు జోడించింది. పడవకి లక్షన్నర డాంగులిచ్చాం. కంగారుపడకు, రూపాయికి సుమారు 300 డాంగులు. అంటే 500 రూపాయలు.

డబ్బు విషయంలో ఒక్క జాగ్రత్త. 20 వేల డాంగుల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలం ఛాయలోనే ఉంటాయి. చీకట్లో ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చే ప్రమాదం ఉంది. సున్నాలు లెక్కపెట్టి ఇవ్వు. ఆ 20 వేల నోటు మీద బొమ్మ హోయ్ ఆన్‌లోని జపనీస్ వంతెనే. పైకప్పున్న చిన్న వంతెన, ఒక కొసన కోతుల విగ్రహాలు, రెండో కొసన కుక్కల విగ్రహాలు. మేము నోటు పక్కన పెట్టి వంతెనతో పోల్చి చూసుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. హోయ్ ఆన్‌కి 40 కిలోమీటర్ల దూరంలో కొండల మధ్య "మీ సన్" అనే చోట శివాలయాలున్నాయి. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టించినవి. 4వ శతాబ్దంలో భద్రవర్మ అనే రాజు భద్రేశ్వరుడి పేర మొదటి గుడి కట్టించాడు. తర్వాత 13వ శతాబ్దం దాకా కడుతూనే వచ్చారు. ఎర్రటి ఇటుక మీద ఇటుక, మధ్యలో సున్నం గీత కూడా కనపడదు. 1969లో అమెరికా బాంబులు పడి చాలా గుళ్లు నేలమట్టమయ్యాయి, గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. మన పురావస్తు శాఖ వాళ్లు వెళ్లి కొన్ని గుళ్లని బాగుచేశారు. ఆ పనిలోనే 2020లో 9వ శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. శిలాశాసనాల్లో సంస్కృతం చూసి నేను నిలబడిపోయాను. అన్నిటికంటే ఒళ్లు పులకరించింది ఎక్కడో తెలుసా? ఆ ప్రాంతాన్ని చంపా రాజుల కాలంలో అమరావతి అనేవారట. గుంటూరు నుంచి వెళ్లిన నాకు ఆ మాట విన్నాక ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. దగ్గర్లోని డోంగ్ డువాంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుడిది కూడా అమరావతి శైలి అంటారు. మన కృష్ణ ఒడ్డు పేరు, మన శిల్పుల పోలిక సముద్రం దాటి అక్కడ ఉన్నాయి. పొద్దున్నే 8 లోపల వెళ్లిపో. ఎండా తక్కువ, జనమూ తక్కువ.

తిండి గురించి చెల్లెమ్మ తప్పకుండా అడుగుతుంది. శాకాహారాన్ని వాళ్లు "చాయ్" అంటారు. మన టీ అనుకునేవు. బోర్డు మీద ఆ మాట ఉన్న హోటళ్లు ఊళ్లో చాలానే ఉన్నాయి. పాడ్యమికీ పున్నమికీ చాలామంది బౌద్ధులు మాంసం ముట్టరు కాబట్టి ఆ రోజుల్లో ఇంకా తేలిక. కానీ మామూలు హోటల్లో కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ వేస్తారు. ముందే అడగాలి. మేము కందిపొడీ, చిన్న సీసాలో ఆవకాయా పట్టుకెళ్లాం. వేడన్నం ఎక్కడైనా దొరుకుతుంది, దిగులుపడనక్కర్లేదు. కాఫీ మాత్రం తప్పక తాగు. గ్లాసు మీద చిన్న ఫిల్టరు పెట్టి ఒక్కో చుక్కా దింపుతారు, కింద మిల్క్‌మెయిడ్ లాంటి తీపి పాలు. అది దిగేదాకా ఏ పనీ లేకుండా ఎదురుచూడటం కూడా బాగుంటుంది.

నీకున్న ఇబ్బంది తేదీ. మీది మాఘమాసం పెళ్లి. వాళ్ల కొత్త సంవత్సరం టెట్ చాలా ఏళ్లలో మన మాఘమాసం మొదలయ్యే రోజుల్లోనే వస్తుంది. అప్పుడు షాపులు మూసేస్తారు, విమానాల రేట్లు పెరుగుతాయి. పెళ్లిరోజు నాడు ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని, ఫాల్గుణ చతుర్దశికి అక్కడ ఉండేట్టు వెళ్లండి. మార్చిలో వాన భయం ఉండదు. అక్టోబరు, నవంబరు మాత్రం వద్దు, నది పొంగి పాత ఊళ్లోకి వస్తుంది. ఈ-వీసా 25 డాలర్లు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కట్టు, అలాంటి పేర్లతోనే వేరేవి చాలా ఉన్నాయి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయాలి. రెండుమూడు వారాల ముందే పెట్టేస్తే మంచిది.

ఇంకొక రోజు మిగిలితే డా నాంగ్ నుంచి హ్వే అనే ఊరి దాకా రైలెక్కండి. రెండున్నర, మూడు గంటలు. ఒకపక్క కొండ, ఇంకోపక్క సముద్రం. వెళ్లేటప్పుడు కుడిచేతి వైపు కిటికీ చెల్లెమ్మకివ్వు. డా నాంగ్ దగ్గర కొండల మీద, రెండు పెద్ద రాతి చేతులు మోస్తున్నట్టుండే బంగారు వంతెన ఫొటోలు నువ్వూ చూసే ఉంటావు. మేము వెళ్లలేదు, ఆ రోజు ఊళ్లోనే నది ఒడ్డున కూర్చున్నాం. వెళ్లాలో వద్దో మీ ఇష్టం.

ఇదంతా నా మాట. ఈ ఉత్తరం నువ్వు చదివి జేబులో పెట్టుకోకు, చెల్లెమ్మకి ఇవ్వు. ఆవిడకి గుళ్లు కావాలా, కొండలు కావాలా, వంట బాధ లేకుండా నాలుగు రోజులు ఊరికే పడుకోవడం కావాలా, అడుగు. ఆవిడ "మంచు చూడాలి" అంటే హోయ్ ఆన్ మర్చిపో, ఎంత ఖర్చయినా స్విట్జర్లాండే వెళ్లండి. వీసా కాగితాలు నేను దగ్గరుండి చూస్తాను.

వచ్చే నెల గుంటూరు వస్తానన్నావుగా. మేము తెచ్చిన లాంతరు గొడుగులా ముడుచుకుంటుంది. వెదురు పుల్లలు, పైన నారింజ రంగు పట్టు. వరండాలో వేలాడదీశాం, చూద్దువు గాని. టిక్కెట్లు తీసే ముందు ఒక్క ఫోన్ చెయ్యి, చతుర్దశి ఏ తేదీనో క్యాలెండర్ చూసి చెబుతాను.

ఇట్లు,
నీ బావ